దాలమ్మ గోడ

అనగా అనగా, ఏరు ఇప్పుడు పారే దారిన కాక ఇంకాస్త తూర్పుగా పారే రోజుల్లో, ఏటిగట్టు మీద ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో దాలమ్మ అనే మనిషి ఉండేది. ఎవరింటి గోడ పెచ్చులూడినా దాలమ్మనే పిలిచేవారు. ఎర్రమన్ను తొక్కేది, గోడ మెత్తేది, అంచులకి సున్నం పూసేది. ఆమె మెత్తిన గోడ మూడు వానాకాలాలైనా బీటలివ్వదని పేరు. మొగుడు ఏనాడో పోయాడు. ఏడేళ్ళ కూతురు పోలి ఒక్కతే ఆమెకి దిక్కు.

ఊరికి ఒక దొర ఉండేవాడు. కోటలో ఉండేవాడు. ఆయనకీ ఒక్కడే కొడుకు.

ఒక ఏడు అవతలి గట్టున తీర్థం జరిగింది. పిల్లలంతా పడవెక్కారు. దొర కొడుకూ ఎక్కాడు. పోలి పడవ అంచున కూర్చుని కాళ్ళు బయటికి వేలాడేసింది. పడవ నడిపే జోగులు నీళ్ళ వైపు చూశాడు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాబూ, కొండల్లో వాన పడింది. ఈయేల వొద్దు" అన్నాడు.

"నా కొడుకు తీర్థం చూడాలంటున్నాడు. వదులు పడవ" అన్నాడు దొర.

"బాబూ, ఏరు పొంగుతోంది. వొద్దు."

"వదులు."

"బాబూ, అందరూ పిల్లలే..."

"వదలమన్నానా!" దొర చెయ్యెత్తాడు.

జోగులు పడవ వదిలాడు. నడి ఏటికి చేరిందో లేదో, ఎగువనుంచి నీళ్ళు గోడలా వచ్చాయి. పంతొమ్మిది మంది పిల్లలు. జోగులు ఒకడు. ఒక్కరూ గట్టెక్కలేదు. ఒక్కరి దేహమూ దొరకలేదు.

మూడో రోజున ఊళ్ళో డప్పు మోగింది. "పడవ మాట ఎవరూ ఎత్తకూడదు! పోయినవాళ్ళ పేరు పలకకూడదు! వీధిలో ఏడుపు వినిపించకూడదు! ఇది దొరవారి ఆజ్ఞ!"

ఊరు నోరు మూసుకుంది. ఆడవాళ్ళు తిరగలి ముందు కూర్చుని, ఆ చప్పుడులో ఏడ్చుకునేవారు. దాలమ్మకి ఆ ఏడుపు కూడా రాలేదు. అన్నం దిగేది కాదు, మాట వచ్చేది కాదు. పనికి పిలిస్తే వెళ్ళేది, మెత్తేది, వచ్చేది.

ఒక పొద్దున చావడి గోడ మెత్తుతోంది. మన్ను ఇంకా తడిగా ఉంది. పక్కన సున్నం కుండ ఉంది. ఆమె వేలు సున్నంలో మునిగింది. గోడ మీద చిన్న గీత పడింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే రెండు కాళ్ళయ్యాయి, వేలాడుతున్న కాళ్ళు. పైన పరికిణీ, పైన జడ. దాలమ్మ గోడకి నుదురు ఆనించి, "పోలీ" అంది. ఆ మాట బయటికొచ్చాక గానీ తను ఏడుస్తున్నట్టు ఆమెకి తెలియలేదు.

సాయంత్రానికల్లా బంట్రోతులు వచ్చి ఆ గోడ మీద పేడనీళ్ళు కొట్టారు. పోలి పోయింది.

రెండోసారి తన గుడిసె గోడ మీద గీసింది. బంట్రోతులు వచ్చి గోడని గునపాలతో పొడిచారు. గుడిసె కూలింది. దాలమ్మని దొర ముందుకి లాక్కెళ్ళారు.

"ఎవరి మీద కక్షతో ఈ గీతలు?" అన్నాడు దొర. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరి మీదా కాదు బాబూ. నా గుంట, నా పోలి."

"ఇంకోసారి గీస్తే, ఆ వేళ్ళు తీయిస్తాను."

దాలమ్మ తవిటమ్మ ఇంటి చూరు కింద తల దాచుకుంది. తవిటమ్మ కొడుకూ ఆ పడవలోనే పోయాడు. ఒక మధ్యాహ్నం తవిటమ్మ ఆమె పక్కన కూలబడి, అటూ ఇటూ చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది.

"ఒదినా, ఆ రోజు చావడి గోడ మీద నీ పోలిని సూసినాను. సూసినాక రెండు ముద్దలు తిన్నాను. నా గుంటడ్ని కూడా గీత్తావేటి?"

దాలమ్మ తన వేళ్ళ వైపు చూసుకుంది. సున్నం తిని పగిలిన వేళ్ళు. ఆ వేళ్ళు లేకపోతే ఆమెకి కూడు లేదు. వాటిని కొంగులో దాచుకుంది.

వరదకి కోట గోడ ఏటివైపు పెచ్చులూడిపోయింది. పండగ దగ్గరపడింది. అంత గోడ మెత్తగలిగింది ఊళ్ళో దాలమ్మ ఒక్కతే. దొర పిలిపించాడు. "మెత్తు. మెత్తి వెళ్ళిపో. అంతే" అన్నాడు.

మూడు రోజులు మెత్తింది. మూడో రోజు పొద్దెక్కేసరికి గోడంతా ఎర్రగా, తడిగా, నున్నగా నిలబడింది. దాలమ్మ సున్నం కుండ దగ్గర నిలబడింది. వేలు ముంచింది. మొదటి గీత వంకరపోయింది. తుడిచి మళ్ళీ గీసింది. పడవ గీసింది. పడవ అంచున పోలిని గీసింది.

నీళ్ళు ముంచుకొస్తున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. తవిటమ్మ బిందె దించి ముందుకొచ్చింది. అందరూ వినేలా గొంతెత్తింది.

"నా గుంటడు నిలబడతాడు. కూకోమంటే కూకోడు. తలకి తుండుగుడ్డ సుట్టు!"

దాలమ్మ గీసింది. ఇంకొకామె వచ్చింది. "నా పిల్లకి కుడికాలు కుంటి. సెల్లి భుజం పట్టుకుంటాది." గీసింది. ఒక ముసలాయన వచ్చాడు. "నా మనవరాలు నవ్వితే ముందు పళ్ళు ఉండవు." గీసింది. తెడ్డు పట్టుకున్న జోగుల్ని గీసింది. చెప్పేవాళ్ళు చెబుతూ ఏడ్చారు, ఏడుస్తూ నవ్వారు. ఇన్నాళ్ళుగా పలకని పేర్లన్నీ ఆ గోడ కింద పలికారు.

"దొర! దొర వస్తున్నాడు!"

జనం చీలిపోయారు. దొర చేతిలో కత్తి ఉంది. దాలమ్మ గోడకి అడ్డంగా నిలబడింది. సున్నం కారుతున్న చేతులు రెండూ చాచింది.

"వేళ్ళు తియ్యించండి బాబూ. కానీ గీత అయ్యాక. ఇంకొక్కరు మిగిలారు."

"ఎవరు?" అన్నాడు దొర.

"ముందు కొసన సోటు ఒదిలినాను. అక్కడ ఎవరు కూకున్నారో అందరికీ తెలుసు. ఆ బాబు ఎలా ఉంటాడో కన్నోళ్ళు సెప్పాలి. ఎవరూ సెప్పలేదు బాబూ. సెప్తే గీత్తాను."

దొర గోడ వైపు చూశాడు. పద్దెనిమిది మంది పిల్లలు. ముందు కొసన ఖాళీ. కత్తి మొన నేలకి తగిలింది.

"చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు" అన్నాడు దొర. గొంతు ఆయనది కాదన్నట్టుంది. "సరిగా తొడుక్కోరా అని కసిరాను. తీర్థంలో ఎవరూ చూడర్లే నాన్నా అన్నాడు."

దాలమ్మ గీసింది. చొక్కా కుట్లు బయటికి కనిపించేలా గీసింది. వెనక్కి తిరిగి గట్టు వైపు చూస్తున్నట్టు గీసింది. ఆ కుట్లు చూసి దొర మోకాళ్ళ మీద కూలిపోయాడు. పెద్దగా ఏడ్చాడు. కోట బయట, జనం మధ్య, పగటిపూట.

చాలాసేపటికి లేచాడు. "జోగులు మూడుసార్లు వద్దన్నాడు" అన్నాడు. "మీరంతా విన్నారు. మీ ఏడుపు వినపడ్డప్పుడల్లా నాకు నా మాటే వినపడేది. గట్టు మీద నన్ను కూడా గియ్యి దాలమ్మా. ఎత్తిన చెయ్యి గియ్యి."

దాలమ్మ తల అడ్డంగా ఊపింది. సున్నం కుండ ఆయన ముందు పెట్టింది. "అది మీరే ఎయ్యాలి బాబూ."

దొర సున్నంలో చెయ్యి ముంచాడు. గట్టు ఉండాల్సిన చోట అరచెయ్యి ఆనించాడు. తీశాక అక్కడ తెల్లటి చెయ్యి మిగిలింది. తవిటమ్మ దాన్ని చాలాసేపు చూసింది. క్షమించానని అనలేదు. బిందెలోంచి నీళ్ళు వంచి, దొర చేతులు కడుక్కోవడానికి పోసింది. మర్నాడు దొర మనుషుల్ని పంపి దాలమ్మ గుడిసె నిలబెట్టించాడు. ఆ పిమ్మట ఏరు ఎర్రగా ఉన్న రోజున పడవ వదలాలా వద్దా అన్నది పడవవాడి మాటే.

దాలమ్మ ముసలిదయ్యేదాకా గోడలు మెత్తింది. చుట్టుపక్కల ఎవరింట చావు జరిగినా వెళ్ళేది, ఇంటివాళ్ళు చెబితే పోయినవాళ్ళని గీసేది. ఆమె పోయినప్పుడు ఊరు ఊరంతా కలిసి ఆమెని గీసింది. మంచి గీత కాదు, పిల్లలు గీసినట్టుంది. ఎవరూ చెరపలేదు.

ఇప్పటికీ ఆ ఏటిగట్టు ఊళ్ళల్లో ఎవరైనా పోతే, పదకొండో నాడు ఒక గోడకి ఎర్రమన్ను పూస్తారు. దాన్ని దాలమ్మ పూత అంటారు. ఇంటివాళ్ళు చెప్పాలి, చేతనైనవాళ్ళు గీయాలి. పరామర్శకి వెళ్ళినవాళ్ళు ఏడవకమ్మా అనరు, ఊరుకోమ్మా అనరు. గడప దగ్గర కూర్చుని మెల్లగా అడుగుతారు: "ఎలా కూకునేవాడమ్మా? కూసింత సెప్పు."