అటక మీది పెట్టె

వేదాంతం చెప్పే రోజుల్లో కూడా తారకంగారు తన పాత పనిని దాచుకోలేదు. రామచంద్రపురంలో ఆయన చాలాకాలం ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేశారు. శిష్యులెవరైనా పెద్ద ప్రశ్న అడిగితే, శ్లోకానికి బదులు ఆ ఇళ్ళలో జరిగినదేదో చెప్పేవారు.

ఒక సాయంత్రం పాఠమయ్యాక ఇందుమతి అనే శిష్యురాలు లేవకుండా కూర్చుంది. ఆ వేసవిలోనే ఆమె అన్నయ్య పోయాడు. "గురువుగారూ, పోయినవాళ్ళు వెంటనే పోతారా? మా ఇంట్లో అలా అనిపించడం లేదు," అంది. ఆయన ఇది చెప్పారు.

ఒక వానరోజు మధ్యాహ్నం గవర్రాజుగారనే ఆయన ఫోన్ చేశారు. నెట్ కనెక్ట్ అయిందని కంప్యూటరే చెబుతోంది, కానీ ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు. కూతురు లహరి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి అదే ఆఖరి రోజు. నెట్ సెంటర్‌కు వెళ్దామంటే ఆ పిల్ల కదలదు. వాళ్ళమ్మ హైమవతి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఆ కంప్యూటర్ ముందు పక్కన కూర్చుని తనే పెట్టిస్తానని మాటిచ్చి, అది తీరకుండానే ఏడాది కిందట జ్వరంతో పోయింది.

తారకంగారు వెళ్ళి చూశారు. వైర్లు బాగానే ఉన్నాయి. కంప్యూటర్‌కు వెబ్‌సైట్ల పేర్లు తెలియవు, అంకెల్లో ఉండే చిరునామాలే తెలుసు. మనం పేరు కొట్టగానే అది మరో యంత్రాన్ని చిరునామా అడుగుతుంది. ఆ యంత్రం పలకకపోతే, దారి తెరిచి ఉన్నా ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోతుంది. సెట్టింగుల్లో ఉన్న అంకెల్ని బట్టి, ఈ కంప్యూటర్ అడుగుతున్న యంత్రం ఆ ఇంట్లోనే ఉండాలి.

"అటక మీద ఉంది. పిల్ల చెడ్డవేవీ చూడకుండా హైమ పెట్టిన చిన్న పెట్టె," అన్నారు గవర్రాజుగారు.

స్టూలెక్కి చూస్తే ఆ పెట్టె చీరముక్కలో చుట్టి ఉంది. దానికి ఏ వైరూ లేదు.

"దీన్ని ఎప్పుడు తీసేశారు?"

"హైమ పోయిన వారంలోనే. ఆ లైటు మిణుకుమంటుంటే చూడలేక నేనే పీకేశాను."

"మరి వెబ్‌సైట్లు ఎప్పటినుంచి రావడం లేదు?"

"నిన్న మధ్యాహ్నం నుంచి. నిన్న తన సంవత్సరీకం పెట్టాం. అప్పటిదాకా రోజూ బాగానే వచ్చాయి."

వైరు లేని పెట్టె పలకడానికి వీల్లేదు. ఏడాదిగా అడిగిన ప్రతి పేరుకూ చిరునామా చెబుతూ వచ్చినదేదో తారకంగారికి అంతుపట్టలేదు. స్టూలు దిగి, కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

ఆ పాత అంకెల్ని చెరపబోతుంటే లహరి, "ఒక్కసారి ఆగండి అంకుల్," అని కీబోర్డు తనవైపు లాక్కుంది. ఏదో పేరు కొట్టింది. తెర మీద చిన్న చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. పేజీ రాలేదు. ఎవరో చెప్పింది విన్నట్టు తలూపి, "సరే, మార్చేయండి," అంది.

కొత్త అంకెలు వెయ్యగానే పేజీలు తెరుచుకున్నాయి. లహరి ఎవరినీ అడగకుండా మొదటి ఆప్షన్‌గా అనంతపురం కాలేజీ పెట్టింది.

"అంత దూరమా? నన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళనన్నావు కదా," అన్నారు తండ్రి.

"అమ్మ వెళ్ళమంది."

"ఎప్పుడమ్మా?"

"మొన్న," అంది లహరి, తెర మీంచి చూపు తిప్పకుండా.

గవర్రాజుగారు కూతురు సబ్మిట్ నొక్కేదాకా ఆమె కుర్చీ వెనక చేయి వేసి నిలబడ్డారు.

తారకంగారు అక్కడితో ఆపేశారు. "అయితే ఆవిడ ఏడాదంతా ఆ ఇంట్లో ఉన్నట్టేనా?" అని అడిగింది ఇందుమతి.

"అది నాకు తెలియదమ్మా," అన్నారాయన. "ఆ రోజు మాత్రం లేదు."