నూకరత్నం మంగళవారాలు

పేర్రాజు గారు ముప్పయ్యేళ్ళు పిల్లల కోర్టులో న్యాయాధికారిగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గరికి సలహాకు వెళ్తే ముందు పళ్ళెంలో వేరుశనక్కాయలు వస్తాయి. సలహా మాత్రం దొరికితే దొరికినట్టు. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటున్నది ఆయన శిష్యురాలు ఇందుమతి. ఆ సోమవారం సాయంత్రం ఆవిడ కాయల వంకైనా చూడకుండా అడిగేసింది.

“మాస్టారూ, ఎంత చెప్పినా మళ్ళీ మళ్ళీ బడి ఎగ్గొట్టే పిల్లను ఏం చెయ్యాలి?”

పిల్ల పేరు నూకరత్నం. పన్నెండేళ్ళది, గోదావరి మధ్య లంక ఊళ్ళో ఉంటుంది. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మంద దిగితే, మూడు రోజులు బడి మాని దాని వెంట తిరిగింది. పెద్దవాళ్ళు తిరిగితే షికారంటారు, పిల్ల తిరిగింది కనక కేసైంది. పోనీ తర్వాతైనా బుద్ధి తెచ్చుకుందా అంటే, రెండు నెలల్లో మరో ఏడు రోజులు రాలేదని హెడ్మాస్టరు హాజరు పట్టీ జతచేసి ఉత్తరం రాశాడు. రేపు ఆ పిల్లను ప్రభుత్వ హోముకు పంపడమో, ఇంటికి పంపడమో తేల్చెయ్యాలి. హోమంటే తల్లిని వదిలి నూరు మైళ్ళు. ఇందుమతికీ ఆ ఈడు కూతురుంది. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

“జాలిపడదామంటే దాని పొగరొకటి! బడికెందుకు పోలేదే అని మొన్ననే అడిగాను. ‘మిమ్మల్ని చూడ్డానికొచ్చానండి’ అంది, నా మొహం మీదే! గుమాస్తా కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.”

పేర్రాజు గారు లేచారు. గోడ మీది క్యాలెండరు దింపి, జనవరి, ఫిబ్రవరి కాగితాలు చాప మీద పరిచారు.

“ఉత్తరం అవతల పెట్టమ్మాయ్. హాజరు పట్టీ తియ్యి. పిల్ల రాని రోజు మీదల్లా ఒక్కో కాయ పెట్టు.”

ఇదేం చోద్యమనుకుంటూనే ఇందుమతి పెట్టింది. మొదటి కాయ మంగళవారం మీద పడింది. రెండోదీ మంగళవారమే. ఏడు కాయలూ ఒకే వరసలో బారులు తీరాయి.

“మంగళవారం ఆ ఊళ్ళో సంతా?”

“సంత శుక్రవారమండి.”

“మరి మంగళవారం ఏముందమ్మా?”

జవాబు చెప్పబోయి ఇందుమతి ఆగిపోయింది. మంగళవారం ఆవిడ బెంచి కేసులు వింటుంది. మొదటి వాయిదాకు విచారణ అధికారి నివేదిక రాలేదు. రెండోదానికి తోటి సభ్యుడి ఇంట్లో పెళ్ళి. మూడోదానికి ఫైలు వేరే బీరువాలో ఇరుక్కుంది. ఇలా ఏడు వాయిదాలు. వాయిదా పడ్డప్పుడల్లా ఆ పిల్ల తెల్లారే రేవు దాటి, రెండు బస్సులు మారి, రెండు జడలు వేసుకుని, పుస్తకాల సంచీతో సహా వచ్చి వరండాలో పొద్దుగూకేదాకా కూర్చుంది. ‘వచ్చేవారం రా’ అనిపించుకుని వెళ్ళిపోయింది. బడి మానొద్దని చెప్పడానికి వాళ్ళే పిల్లను బడి మానిపించారు. కంచే చేను మేసింది.

ఇందుమతి నాలుక్కరుచుకుంది. ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు చెమర్చాయి.

“పొగరు కాదు మాస్టారూ, పిచ్చితల్లి ఉన్నమాటే చెప్పింది. నేనే వినలేదు.”

అక్కణ్ణుంచే హెడ్మాస్టరుకు ఫోన్ చేసింది. రేపు నూకరత్నం కోర్టుకు రానక్కర్లేదు, బడికి పంపండి, హోము మాటే లేదు, మాట్లాడేదేదైనా ఉంటే ఆదివారం నేనే రేవు దాటి వస్తానంది. ఫోన్ పెట్టేశాక గానీ పళ్ళెంలోంచి ఒక కాయ తీసి ఒలవలేదు. అయినా ఆవిడకు మనసులో ఒక మూల ఇంకా పీకుతూనే ఉంది.

“ఏడు రోజులూ మా ఖాతాలో వేసుకుంటాం సరే. ఆ మొదటి మూడు రోజులూ? బడి మాని బాతుల వెంట తిరగడం తప్పే కదండీ?”

పేర్రాజు గారు క్యాలెండరు మీది ఏడు కాయలూ ఏరి గుప్పిట్లో పోసుకున్నారు.

“ఆ బాతులు ఇంకా ఉన్నాయంటావా? ఉంటే ఆదివారం దాకా దేనికి, బుధవారమే పని ఎగ్గొట్టి పోయి చూసొద్దాం పద. పెద్దవాళ్ళం, మనల్నెవరడుగుతారు?”