రాజుగారికి వీపు చూపిన ఎండపలక

అనగనగా ఒక అడవిలో, సింహంగారి కొండకు ఎవరూ వీపు చూపించని అడవిలో, ఈటెయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. కొండ ఉత్తరాన ఉంది. అందుకని ఆ అడవిలో మేసినా, పడుకున్నా మొహం ఉత్తరానికే. దక్షిణాన ఉన్న ఏటికి వెళ్ళాలంటే వెనక్కి నడిచేవాళ్ళు. చెట్లకు గుద్దుకుని సగంమందికి తోకల మీద బొప్పెలు కట్టాయి. అయినా మర్యాద మర్యాదే.

ఈటెయ్యకు ఆ మర్యాద ఇంకాస్త ఎక్కువ. వంగి దండం పెడితే ముళ్ళు నిక్కబొడుచుకునేవి, చుట్టుపక్కలవాళ్ళు గబగబా తప్పుకునేవాళ్ళు. అది తనమీద గౌరవమనుకునేవాడు పాపం.

అతని దిగులల్లా కూతురు మొగ్గ. చలికాలం బొరియలో కట్టెలు రాజేస్తే పొగ, పొగకు దగ్గు. కట్టెలు ఆర్పితే చలి, చలికి ఇంకా దగ్గు. ఆ పసిదాని లేత ముళ్ళు దగ్గినప్పుడల్లా వణికేవి. తల్లి గరికమ్మ వీపు నిమురుతూ కూర్చునేది.

ఆ ఏడు సింహంగారు చాటింపు వేయించారు. ఇంటిమీద ఎండపలక పెట్టుకునేవారికి సగం ఖర్చు ఖజానాదేనట. పలక పగలంతా ఎండ తాగుతుంది, పొద్దుగూకాక బొరియలోని రాయిని వెచ్చబెడుతుంది. కట్టెలక్కర్లేదు, పొగ ఉండదు. మిగతా సగానికి ఈటెయ్య చలికాలానికి దాచిన దుంపలన్నీ ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు గరికమ్మ ఒక్క మాటా అనలేదు. ఇచ్చాక చాలా అంది.

పలక వచ్చింది. రాజుగారి సొమ్ముతో వచ్చిన పలక రాజుగారికి వీపు చూపిస్తుందా? ఈటెయ్య దాన్ని కొండకు ఎదురుగా, ఉత్తరానికి నిలబెట్టాడు. తనిఖీకి వచ్చిన కొంగ ఒంటికాలిమీద నిలబడి చూసి, ఇంత భక్తిగా పెట్టిన పలక ఇంకెక్కడా లేదని మెచ్చుకుని వెళ్ళింది.

పొద్దుగూకింది. రాయి మాత్రం చల్లగానే ఉంది.

దుమ్ము పట్టిందేమోనని ఈటెయ్య పలకను తుడిచాడు. రాయి వెచ్చబడలేదు. నీడ పడుతోందేమోనని కొమ్మలు కొరికేశాడు. వెచ్చబడలేదు. ఎత్తు చాలలేదేమోనని పుట్టమీదికి ఎక్కించాడు. పుట్టలోని చీమలు వేడెక్కాయి గాని, రాయి వేడెక్కలేదు. మళ్ళీ కట్టెలు, మళ్ళీ పొగ, మళ్ళీ దగ్గు.

ఒక పొద్దున గరికమ్మ బండమీద రేగుపళ్ళు ఆరబోస్తోంది. పోయిన దుంపలకు బదులు ఇక అవే ఆధారం. ఆమె పలకవంక చూసింది, మొగుడివంక చూసింది.

"ఏమయ్యా, రేగుపళ్ళు రాజుగారి మొహం చూసి ఎండుతున్నాయా? ఎండ ఎటుంటే అటు పోస్తున్నాను. చలికాలం సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడని నీకు తెలీదా?"

తెలుసు. తెలిసే భయపడుతున్నాడు. కొండకు వీపు చూపినవాణ్ణి ఏరు దాటించి తరిమెయ్యడం ఆ అడవి కట్టుబాటు. తిండి పోయింది, ఇక బొరియ కూడా పోతే పిల్లతో ఎక్కడికి పోతాడు?

లోపలినుంచి మొగ్గ దగ్గింది. ఈటెయ్య ఇంకేం ఆలోచించలేదు. పలకను గిరుక్కున దక్షిణానికి తిప్పేశాడు.

ఆ సాయంత్రం రాయి పెనంమీది రొట్టెలా వెచ్చబడింది. మొగ్గ దానికి ఆనుకుని, ఒక్కసారైనా దగ్గకుండా నిద్రపోయింది.

తెల్లారేసరికి కొంగ కబురు మోసేసింది. సింహంగారు స్వయంగా దిగివచ్చారు. ఇరుగుపొరుగు ఈటెయ్య పని అయిపోయిందని గుసగుసలాడుకున్నారు. నీకు నేనేం తక్కువ చేశానని సింహం అడిగింది.

ఈటెయ్య పలకను చూపించి చెప్పాడు. "దొరా, పలకకు ఉన్నది ఒక్కటే మొహం. మీకైనా చూపించాలి, సూర్యుడికైనా చూపించాలి. అది మిమ్మల్ని చూసినన్నాళ్ళూ మా పాప దగ్గింది."

సింహం బొరియలో చెయ్యిపెట్టి రాయిని తాకింది. పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. తర్వాత కొంగవైపు తిరిగింది.

"మా గుహలో రాయి ఏనాడూ ఇలా లేదే. మా పలక ఎటు పెట్టించావు?"

కొంగ కాలు మార్చింది. "గుహ లోపల ప్రభూ, తమ సింహాసనానికి ఎదురుగా."

"అందుకా నేను తోక చుట్టుకుని పడుకుంటున్నది," అంది సింహం. "నేనిచ్చింది సాయం. వెచ్చదనం ఇచ్చేది సూర్యుడు. వెళ్ళి అన్ని పలకలూ తిప్పించు. మాదాన్ని బయటికి తెచ్చి, ముందు దాన్నే తిప్పు."

మర్నాటి సాయంత్రం సింహం కొండ అంచున నిలబడి కిందికి చూసింది. అడవి అడవంతా దానికి వీపు చూపిస్తోంది. ఒక్క ఇంటినుంచీ పొగ లేవడం లేదు. అన్ని వీపులు చూసి అంత మురిసిపోయిన రాజు ఇంకొకరు లేరు.

నీతి: సాయం చేసినవారికి దండాలు పెడుతూ కూర్చోవడంకన్నా, ఆ సాయాన్ని అక్కరకొచ్చేలా వాడుకోవడమే అసలైన కృతజ్ఞత.