సూది నేర్చుకున్న బాబా

పరుపులు కుట్టే సైదులు ఆ రోజు దర్గాకి వచ్చి, తన గురువు జమాల్ బాబా ముందు కూర్చున్నాడు.

"పొద్దున పిల్లని కొట్టాను బాబా. నాకేదైనా శిక్ష వెయ్యండి. నలభై రోజులు పస్తుంటాను."

అతని కూతురు హుస్సేన్‌బీకి తొమ్మిదేళ్లు. ఆరో ఏట సుగర్ జబ్బు బయటపడింది. అప్పట్నుంచి రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్ సూది. ఆ పొద్దున పిల్ల సూది వద్దని మంచం కిందికి దూరింది. సైదులు కాలు పట్టి బయటికి లాగి చెంప మీద కొట్టాడు.

"కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది నువ్వు?" అన్నాడు బాబా.

సైదులు ఆలోచించాడు. గుర్తురాలేదు.

"నీ భార్యతో మాట్లాడి?"

"రోజూ మాట్లాడతాం బాబా. సుగరెంతుంది అంటాను. ఇంతుంది అంటుంది."

బాబా శిక్ష సంగతి ఎత్తలేదు. "రేపు పిల్లనీ సూదినీ తీసుకురా" అన్నాడు.

సూది మీద దువా చదివి ఊదుతారనుకున్నాడు సైదులు. మర్నాడు బాబా ఒక బత్తాయి తెచ్చి పిల్ల ముందు పెట్టాడు.

"నాకు నేర్పమ్మా."

పిల్ల నవ్వింది. బాబా సూదిలోకి నీళ్లు లాగి బత్తాయికి గుచ్చాడు. "అట్లా కాదు తాతా, పక్కకి పోతోంది" అంటూ చెయ్యి పట్టి సరిచేసింది. సుగర్ పడిపోతే వొళ్లు వణికి చెమటలు పడతాయనీ, వెంటనే పంచదార నీళ్లు తాగించాలనీ చెప్పింది. బాబా తిరిగి అప్పజెప్పాడు. మూడో రోజు, సైదులు చూస్తుండగా, పిల్లకే సూది వేశాడు.

గురువారం భార్యాభర్తలిద్దర్నీ పిలిపించాడు.

"సాయంత్రం దాకా పిల్ల నా దగ్గరుంటుంది. మీరు వెళ్లండి."

"ఎక్కడికి బాబా?"

"ఎక్కడికైనా."

"పిల్లకేదైనా అయితే?"

"కబురు పంపుతాను."

ఎక్కడికి పోవాలో తోచక ఇద్దరూ ఇంటికే వెళ్లారు. భార్య మౌలాబీ అన్నం వండింది. ఎదురెదురుగా కూర్చుని వేడివేడిగా తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ మౌలాబీ అంది:

"ఒక్కోసారి నాకు ఎటన్నా పారిపోవాలనిపిస్తుందయ్యా."

సైదులు ఆమె వైపు చూశాడు.

"నాకూ" అన్నాడు.

ఆమె ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. తర్వాత ఇద్దరికీ ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

పొద్దుగూకే వేళకి దర్గాకి వెళ్తే, పిల్ల అష్టాచెమ్మాలో తాతని మూడాటలు ఓడించానని గొప్పలు చెప్పింది.

సైదులు బాబా కాళ్లకి దండం పెట్టాడు. "మళ్లీ గురువారం తీసుకురానా బాబా?"

"మళ్లీ గురువారం నేను ఊళ్లో ఉండను" అన్నాడు బాబా. "ఈలోగా ఇంకొకరికి నేర్పు."

మూడేళ్లుగా ఎవర్నీ ఏ సాయమూ అడగని సైదులు, ఇంటికి పోయే దారిలో చెల్లెలి ఇంటి ముందు ఆగి తలుపు తట్టాడు.