వెనకదారి ఆకు

అనగనగా అంటే మరీ పాతకాలం అనుకునేరు. మొన్న మొన్నటి మాటే. ఒక అడవి అంచున, సజ్జచేనుకు ఆనుకుని, ఒక ఇప్పచెట్టు ఉండేది. ఆ చెట్టు వేళ్ళ కింద ఒక ఎలుకల కుటుంబం కాపురం ఉండేది. ఊఁ కొడుతూ వినండి, మధ్యలో లేస్తే చెప్పను.

ఆ ఇంటికి పెద్ద సామమ్మ. వయసు మీదపడి ఆమె కళ్ళు మసకబారాయి. ముక్కు మాత్రం భేషుగ్గా పనిచేసేది. ఆమె కొడుకు ఆరికయ్య పొద్దస్తమానం గింజల కోసం చేలల్లో తిరిగేవాడు. ఇల్లు చూసుకునేది కోడలు కొర్రమ్మ. వాళ్ళకు ఆవగింజ, మెంతి, గసాలు అని ముగ్గురు పిల్లలు. ఇంకా సరిగ్గా పరిగెత్తడం కూడా రాని పిల్లలు.

కొర్రమ్మ మహా పనిమంతురాలు. ఏ పని చూసినా, "దీన్ని ఇంకా తేలిగ్గా చేయలేమా?" అని ఆలోచించేది. గింజలకు పురుగు పడుతోందని ఎండిన వేపాకులు తెచ్చి మధ్యమధ్యలో వేసింది. పురుగు పోయింది. బురదకాళ్ళతో ఇల్లంతా పాడవుతోందని గుమ్మంలో ఎండుగడ్డి చాప అల్లి పరిచింది. ఊడ్చే పని సగానికి సగం తగ్గింది. కొత్త గింజలు వెనక్కి నెట్టి, పాతవి ముందు పెట్టింది. ఆ తర్వాత ఒక్క గింజ కూడా ముక్కిపోలేదు. చుట్టుపక్కల ఎలుకలన్నీ వచ్చి, "కొర్రమ్మొదినా, మాకూ చెప్పవూ?" అని అడిగి నేర్చుకుని వెళ్ళేవి. ఆమె తెలివి నిజమైన తెలివే. కాదనడానికి లేదు.

అయితే ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది.

ఆ ఇంటికి రెండు దారులు. ముందుదారి వెడల్పుగా ఉండి చేను వైపు తెరుచుకునేది. వెనకదారి సన్నగా, వంకరటింకరగా వెళ్ళి చెట్టుకు అవతల రేగుపొద దగ్గర తేలేది. ఆ చివర ఒక కుక్కతులసి మొక్క ఉండేది. పొద్దున్నే ఇంటి ఇల్లాలు వెనకదారిలో పాక్కుంటూ బయటికి వెళ్ళాలి. కుక్కతులసి ఆకు ఒకటి తుంచాలి. చెట్టు చుట్టూ తిరిగి ముందుదారిన లోపలికి రావాలి. ఆకు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాలి. ఆమె వాసన చూసి, "సరే, ఇక తినండి" అనాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ గింజ ముట్టకూడదు.

"ఇదెందుకు అత్తయ్యా?" అని కొర్రమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో అడిగింది.

సామమ్మ గుమ్మం వైపు భయంగా చూసింది. "మా అత్తగారు చేశారు, నేను చేశాను, నువ్వూ చెయ్యి. అన్నీ అడక్కూడదు" అంది.

అదీ సంగతి. కారణం తెలిస్తే కదా పని మీద గౌరవం ఉండేది! వెనకదారిలో పాకితే వీపు మీద మట్టి రాలేది, పొట్ట గీరుకుపోయేది. లోపల గాలి ఆడేది కాదు. తిరిగొచ్చి ఒళ్ళు దులుపుకునేసరికి పిల్లలు ఆకలికి ఏడుస్తూ ఉండేవారు.

ఒకరోజు కొర్రమ్మకు ఒక ఆలోచన వచ్చింది.

'ఆకే కదా కావాల్సింది? ముందుదారిన వెళ్ళి, చెట్టు చుట్టూ తిరిగి ఆకు తుంచుకుని, మళ్ళీ ముందుదారినే వస్తే సరి. ఒంటికి మట్టి అంటదు. పని చిటికెలో అయిపోతుంది.'

అలాగే చేసింది. సామమ్మ ఆకు వాసన చూసింది. "సరే, ఇక తినండి" అంది. పిల్లలు వేడుకగా తిన్నారు. 'ఇన్నాళ్ళూ అనవసరంగా పాకాను' అనుకుంది కొర్రమ్మ.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కొన్నాళ్ళకు ఆమె కన్ను ఖాళీగా ఉన్న వెనకదారి మీద పడింది. 'సజ్జపొట్టు రోజూ బయటికి మోసుకెళ్ళి పారబోయడం దేనికి? ఎవరూ నడవని దారి ఉండనే ఉందిగా' అనుకుని పొట్టంతా అందులోకి నెట్టేసింది. మర్నాడూ నెట్టింది. నెట్టడం అలవాటైపోయింది. ఇల్లు అద్దంలా ఉండేది.

వానలు మొదలయ్యాయి.

ఒకరోజు పొట్టు నెట్టబోతే ముందుకు కదల్లేదు. కొర్రమ్మ చెయ్యి పెట్టి చూసింది. పొట్టులో కలిసిపోయిన గింజలు తడికి మొలకెత్తాయి. వాటి వేళ్ళు ఒకదానికొకటి పెనవేసుకుని, పైనుంచి రాలిన మట్టిని పట్టుకుని, దారికి అడ్డంగా గోడ కట్టేశాయి. కొర్రమ్మకు భయం వేసింది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

'రేపు తవ్వుతాను' అనుకుంది.

రేపు వచ్చింది. మెంతికి ఒళ్ళు వెచ్చబడింది. ఆ తర్వాతి రోజు ముసురు పట్టింది. గింజలు తడవకుండా సర్దుకోవడానికే సరిపోయింది. తవ్వడం వాయిదా పడుతూనే ఉంది. ఆకు మాత్రం ఒక్కరోజు కూడా తప్పలేదు.

"వానలు కదమ్మా, దారి బాగానే ఉందా?" అని ఒక పొద్దున సామమ్మ అడిగింది.

"బాగానే ఉంది అత్తయ్యా" అంది కొర్రమ్మ. ఆ మాట అని, గబగబా గింజలు సర్దే పనిలో పడింది.

ఆ రోజే కొమ్మ మీది గోరింక కిందికి వంగి పిలిచింది. "కొర్రమ్మా! చేనుగట్టు పుట్టలోకి నీళ్ళు వెళ్ళాయి. పొడుగాయన బయటపడ్డాడు. పిల్లలు జాగ్రత్త!"

పొడుగాయన అంటే ఎవరో మీకు తెలుసా? ఎలుకలు ఆ పేరు నోటితో పలకవు. పేరెత్తితే వినబడి వచ్చేస్తాడని వాటి భయం.

కొర్రమ్మ ఇక ఆగలేదు. లోపలికి పరిగెత్తి వెనకదారి దగ్గర కూర్చుంది. దారికి అడ్డంగా ఉన్న మొలకల వేళ్ళను కొరకడం మొదలుపెట్టింది. కాస్త కొరికిందో లేదో సామమ్మ కేక వేసింది.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

కొర్రమ్మ ఉలిక్కిపడింది. నిజం చెబితే ఇన్నాళ్ళ ఆకుల సంగతి బయటపడుతుంది. ఊరందరికీ తెలివి నేర్పే కోడలు అత్తగారి ముందు తలదించుకోవాలి. "ఏమీ లేదు అత్తయ్యా, పళ్ళు పదును పెట్టుకుంటున్నాను" అని లేచి వచ్చేసింది. అయ్యో, ఆ క్షణంలో చెప్పేసి ఉంటే!

ఆ మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చింది. ఆరికయ్య చేనుకు వెళ్ళాడు. పిల్లలు ముగ్గురూ నాయనమ్మ ఒళ్ళో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. ఉన్నట్టుండి బయట గోరింకలన్నీ ఒక్కసారిగా గోల పెట్టాయి. కాసేపటికి గోల కూడా ఆగిపోయింది.

సామమ్మ ముక్కు ఎగరేసింది. ముందుదారి నుంచి చల్లని, తడి వాసన ఒకటి మెల్లగా లోపలికి వస్తోంది.

"కొర్రమ్మా, వచ్చాడు" అంది గొంతు తగ్గించి. "పిల్లల్ని తీసుకుని వెనకదారిన వెళ్ళిపో. ఆ దారి ఉన్నది ఇందుకే. వెళ్ళు తల్లీ, ఇంకా నిలబడ్డావేం?"

కొర్రమ్మ కదల్లేదు. ఆమెకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ సన్నదారి, ఆ పాకుడు, ఆ ఆకు, అన్నీ.

"అత్తయ్యా, దారి లేదు" అంది.

"అదేమిటి? పొద్దున ఆకు తెచ్చావుగా?"

"ముందు నుంచి చుట్టూ తిరిగి తెచ్చాను. ఎన్నాళ్ళనుంచో అలాగే తెస్తున్నాను. దారి నిండా పొట్టు పోశాను. అది మొలకెత్తి మూసుకుపోయింది."

అప్పుడే గుమ్మంలో గడ్డిచాప సరసరమంది. మీదనుంచి ఏదో బరువుగా పాకుతోంది.

"తిట్టడానికి తర్వాత తీరిక ఉంటుంది. నువ్వు కొరుకు" అంది సామమ్మ. "ఆవగింజా, మెంతీ, గసాలూ, లేవండర్రా! అమ్మ కొరికిన చెత్తను ఇటు లాగెయ్యండి. ఏడవకండి. ఏడిస్తే చేతులు ఆగిపోతాయి."

"మరి మీరు?"

"నాకు గింజలున్నాయి" అంది ముసలమ్మ.

కొర్రమ్మ వేళ్ళ గోడ మీద పడింది. కొరికింది, గీరింది, నెట్టింది. నోటి నిండా మట్టి. చిగుళ్ళ నుంచి నెత్తురు కారింది. పిల్లలు ఊపిరి బిగబట్టి చెత్తను వెనక్కి లాగుతున్నారు. అటువైపు సామమ్మ కోడలు వరసగా సర్దిన గింజల కుప్పల్ని వీపుతో ఒక్కొక్కటే తోసింది. పాత గింజలు, కొత్త గింజలు, వేపాకులు, అన్నీ ముందుదారిలోకి జారిపడ్డాయి. ఏడాది తిండి! పొడుగాయన తల గింజల్లో కూరుకుపోయింది. బుస్సుమన్నాడు. తల విదిలించాడు. గింజలు మళ్ళీ జారాయి. ఆయన మళ్ళీ ముందుకు వచ్చాడు.

"అమ్మా, ఇంకెంత?" అంది గసాలు ఏడుపు మింగుకుంటూ.

"కొంచెమే నాన్నా" అంది కొర్రమ్మ. ఎంత ఉందో ఆమెకు తెలియదు. రోజూ నడిచి ఉంటే తెలిసేది.

ఇంకో వేరు తెగింది. ఇంకొకటి. అప్పుడు సన్నటి గాలి తెర ఒకటి ఆమె ముక్కుకు తగిలింది. కుక్కతులసి వాసన. రోజూ చేత్తో మోసిన వాసనే, ఆరోజు ఆమెకు ప్రాణం పోసింది. ఒళ్ళంతా బలం చేసి తలతో కుమ్మింది. మట్టి విరిగి పడింది. వెలుగు లోపలికి వచ్చింది.

ఆవగింజను నెట్టింది. మెంతిని నెట్టింది. గసాలును మెడ పట్టుకుని బయటికి విసిరింది. వెంటనే వెనక్కి తిరిగి, "అత్తయ్యా, రండి!" అని అరిచింది.

సామమ్మ వచ్చింది. చివరి వంపు దగ్గర వెనకనుంచి ఒక్క కాటు. ముసలమ్మ కెవ్వుమంది. కొర్రమ్మ ఆమె ముందుకాళ్ళు పట్టుకుని ఒక్క లాగు లాగింది. మనిషి దక్కింది, తోక సగం లోపలే ఉండిపోయింది. నేను ఎలుకను మనిషి అన్నానని నవ్వకండి. ఆ సమయంలో మీ నోట కూడా అదే మాట వచ్చేది.

అందరూ రేగుపొద ముళ్ళలోకి దూరి, ఒకరినొకరు కరుచుకుని కూర్చున్నారు. పొడుగాయన ఆ సన్నదారిలో ఇరుక్కుని, బుసలు కొట్టి కొట్టి, పొద్దు వాలేవేళకు వెనక్కి వెళ్ళిపోయాడు. ఆరికయ్య వచ్చి పొద చుట్టూ తిరుగుతూ పిల్లల పేర్లు పెట్టి పిలిచాడు. ముగ్గురూ పలికాక నేల మీద కూలబడి ఏడ్చాడు.

కొర్రమ్మ అత్తగారి తెగిన తోకకు ఆకుపసరు రాసింది. "నా వల్లే అత్తయ్యా. నన్ను తిట్టండి. ఇప్పుడు తీరికే కదా" అంది వెక్కుతూ.

"తిడతాను, ఉండు" అంది సామమ్మ. "అబద్ధం చెప్పినందుకు తిడతాను. కానీ నన్ను నేను కూడా తిట్టుకోవాలి. రోజూ ఆకు అడిగాను, దారి ఎందుకో ఒక్కరోజూ చెప్పలేదు. ఆయన పేరెత్తితే వస్తాడని భయపడ్డాను. ఎత్తకపోయినా వచ్చాడుగా!"

ఆ మాట అని, మనవల్ని దగ్గరికి లాక్కుంది. "వినండర్రా. ఆయన పేరు పాము. పాము ముందుదారిన వస్తే మనం పారిపోవడానికి వెనకదారి. మట్టి రాలినా, వేరు అడ్డొచ్చినా ఏరోజుకారోజు తెలియడానికి అందులో పాకాలి. ఆకు ఉత్త గుర్తు, అంతే."

కొన్నాళ్ళకు రేగుపొద కిందే, మళ్ళీ రెండు దారులతో, కొత్త ఇల్లు తవ్వుకున్నారు. గుమ్మంలో కొర్రమ్మ మళ్ళీ గడ్డిచాప పరిచింది. గింజల్లో మళ్ళీ వేపాకు వేసింది. ఆ తెలివిని ఎందుకు వదులుకోవాలి?

కొత్త ఇంట్లో మొదటి పొద్దున కొర్రమ్మ ఒంటినిండా మట్టితో వచ్చి, అత్తగారి చేతిలో ఆకు పెట్టింది. సామమ్మ ఆకును పక్కన పెట్టేసింది. వాసన కూడా చూడలేదు.

"దారిలో ఏం తగిలింది?" అని అడిగింది.

"రెండో వంపులో పైనుంచి మట్టి రాలుతోంది అత్తయ్యా, అదిమి వచ్చాను. పక్కనుంచి ఒక వేరు తొంగిచూసింది, కొరికేశాను. బయట ఎవరి వాసనా లేదు."

"సరే, ఇక తినండి" అంది సామమ్మ.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఆకు అడగడం మానేశారు. దారిలో ఏం తగిలిందనే అడుగుతారు. ఆ ప్రశ్నకు, పాకి వచ్చినవాళ్ళు తప్ప ఇంకెవరూ జవాబు చెప్పలేరు.

నీతి: పని తేలిక చేసుకోవడం తెలివే, కానీ ఆ పని దేనికోసం ఉందో తెలుసుకున్నాకే అందులో ఏది తగ్గించాలో చూసుకోవాలి.