చెయ్యి ఆనే చోటు

అది రెండువేల పన్నెండు, ఎండాకాలం. సముద్రంలో వేట ఆపేసిన రోజులు. కాకినాడ ఒడ్డున పడవలన్నీ ఇసుక మీదికి లాగేసి ఉన్నాయి. వాటి నీడన కూర్చుని జనం పాత వలలు బాగుచేసుకుంటున్నారు.

ఆ ఊళ్ళోనే చిన్న బొమ్మల స్టూడియోలో పనిచేసే కోదండపాణికి ఒక చిక్కు వచ్చింది. మామ్మ లేవడం లేదు.

మామ్మ అంటే మనిషి కాదు, కంప్యూటర్లో బొమ్మ. టీవీ వాళ్ళ కోసం తీస్తున్న చిన్న సినిమాకి ఆమే ప్రాణం. కొడుకు వేటకి వెళ్ళి రాడు. మామ్మ ఇసుకలో కాళ్ళు చాపుకుని వల కుడుతూ ఎదురు చూస్తుంది. కథంతా కూర్చునే ఉంటుంది. చివర్లో పడవ కనబడగానే నేల మీద చెయ్యి ఆన్చి లేస్తుంది. సినిమా అక్కడితో అయిపోతుంది.

ఇలాంటి సినిమాలో బొమ్మని గీసేవాళ్ళు వేరు, కదిపేవాళ్ళు వేరు. మధ్యలో రిగ్గింగ్ అని ఒక పని ఉంది. బొమ్మ లోపల ఎముకలు పెట్టి, కీళ్ళు పెట్టి, ఏ మీట లాగితే ఏది కదలాలో అమర్చి ఇవ్వడం. ఆ అమరికే రిగ్గు. పాణిది ఆ పని. యానిమేటర్లు ఆ మీటలు పట్టుకుని బొమ్మని ఆడిస్తారు. పాణి పెట్టని కీలుని ఎవరూ వంచలేరు.

పాణి పనిమంతుడే. మామ్మ కళ్ళ కింద ముడతలు కూడా కదిలేలా చేశాడు. చీర కొంగు గాలికి ఎగిరేలా చేశాడు. ఆమెని అటూ ఇటూ నడిపించి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంక దీంట్లో ఎవరూ వేలు పెట్టక్కర్లేదు" అన్నాడు పాణి.

సినిమాలో మామ్మ ఎక్కడా నడవదన్న సంగతి అప్పుడు ఎవరికీ తోచలేదు.

లేచే షాటు ఎస్తేరుకి ఇచ్చారు. ఆ ఏడే పనిలో చేరిన అమ్మాయి. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అలాంటిది తనే లేచి పాణి సీటు దగ్గరికి వచ్చింది.

"పాణి గారూ, మామ్మ చెయ్యి నేల మీద ఆగట్లేదండి. నడుము లేపితే చెయ్యి కూడా దాంతోపాటే లేచిపోతోంది."

"మళ్ళీ కిందికి దించు."

"దించుతున్నానండి. ప్రతి ఫ్రేములోనూ దించుతున్నాను. ఆడించి చూస్తే చెయ్యి ఇసుక మీద పాకుతున్నట్టుంటోంది. పెట్టిన చోట నిలబడేలా ఒక మీట పెట్టిస్తారా? కాళ్ళకి పెట్టారు కదండీ."

"చేతులున్నది ఊగడానికి అమ్మాయ్. ఆనడానికి కాళ్ళున్నాయి."

పక్క సీట్ల వాళ్ళు నవ్వారు. ఎస్తేరు నవ్వలేదు.

"వయసైపోయిన మనిషండి. చెయ్యి ఆనకుండా లేవలేదు."

"చూడు ఎస్తేరూ, రిగ్గు అయిపోయింది. ఇప్పుడు విప్పితే పనంతా మొదటికొస్తుంది. లేపడం నీకు రాకపోతే రాదని చెప్పు. రిగ్గుని అనకు."

నిజానికి అది పూట పని. ఆ సంగతి పాణికీ తెలుసు. కానీ విప్పితే, చప్పట్లప్పుడు అన్న మాట వెనక్కి తీసుకోవాలి. అది అతనికి ఇష్టం లేదు.

ఎస్తేరు వెళ్ళి మళ్ళీ ఆ చేతిని దించుకుంటూ కూర్చుంది.

స్టూడియో యజమాని గన్నిబాబు గారు ఒకరోజు మధ్యాహ్నం హాల్లోకి వచ్చారు.

"ఏమయ్యా, మీ ముసలమ్మ ఎప్పుడు లేస్తుంది? టీవీ వాళ్ళు నన్ను కూర్చోనివ్వడం లేదు."

అందరూ పాణి వైపు చూశారు. ఎస్తేరు కూడా చూసింది.

"ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అండి ఇది" అన్నాడు పాణి. "పెద్ద స్టూడియోల వాళ్ళు దీని మొహం కూడా చూడరు. సాఫ్ట్‌వేరే నాసిరకం. దాన్ని పట్టుకున్న మనిషి ఇంకా నాసిరకం."

హాల్లో మళ్ళీ నవ్వులు. ఎస్తేరు తల దించుకుంది.

గన్నిబాబు గారు ఆ రెండింట్లో తేలికగా మార్చగలిగినదాన్ని మార్చారు. సాయంత్రం ఎస్తేరుని పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు. ఆమె కంప్యూటర్ ఆపేసి, దాని మీద గుడ్డ కప్పి, కేరేజీ తీసుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ కనబడితే పాణి ఫోను చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు.

మర్నాడు ఆ షాటు పాణే మొదలుపెట్టాడు. ఎస్తేరు చేసినదాన్ని ముట్టుకోకుండా కొత్తగా చేశాడు. చెయ్యి పాకింది. చెరిపేసి మళ్ళీ చేశాడు. మళ్ళీ పాకింది. కొడుకు కోసం ఎదురుచూస్తూ ఇసుకలో కూర్చున్న మనిషి లేస్తున్నట్టు లేదు. దొంగ ఎవరి జేబో తడుముతున్నట్టుంది.

అప్పుడు కూడా అతనికి తన తప్పు అనిపించలేదు. సాఫ్ట్‌వేర్ మారితే తప్ప లాభం లేదని తేల్చుకుని సులేమాన్ మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

సులేమాన్ మాస్టారు కంప్యూటర్లు రాకముందు మద్రాసులో కాగితాల మీద ఒక్కొక్క బొమ్మే గీసి కదిలించిన మనిషి. పాణికి పెన్సిలు పట్టుకోవడం నేర్పిందే ఆయన. ఇప్పటికీ పొద్దున్నపూట స్టూడియోకి వచ్చి చాప వేసుకుని కూర్చుంటారు. కుర్రాళ్ళు చుట్టూ చేరతారు. ఆయన చెబితే గన్నిబాబు గారు కాదనరు.

"మాస్టారూ, మన పనికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అన్నాడు పాణి.

చాప చుట్టూ ఉన్నవాళ్ళకి ఇంతకంటే ఇష్టమైన సంగతి లేదు. కొనుక్కునేదే మేలని ఒకడు, ఉచితమైనదానికి ఏం తక్కువని ఒకడు అరుచుకున్నారు. మాస్టారు టీ తాగుతూ కూర్చున్నారు. అరుపులు తగ్గాక పాణి అసలు మాట చెప్పాడు.

"కొత్తది తెప్పించమని యజమాని గారితో మీరు ఒక్క మాట అనాలి. దీంతో మామ్మ లేవదు. ఎస్తేరు వల్ల కాలేదంటే సరే, నా వల్ల కూడా కావట్లేదు."

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

"ఆవిడ ఎలా కూర్చుంటుందిరా?"

"నేల మీద. కాళ్ళు చాపుకుని."

"ఏదీ, కూర్చో."

పాణి చాప మీద కూర్చుని కాళ్ళు చాపాడు. మాస్టారు తన భుజం మీది తువ్వాలు తీసి, ఒక కొస పాణి కాలి బొటనవేలికి తగిలించారు. రెండో కొస అతని చేతికిచ్చారు.

"వల ఇలా పట్టుకుని కుడతారు. కుట్టు."

కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. "మామ్మా, చేపలేమైనా పడ్డాయా?" అన్నాడొకడు. పాణి కూడా నవ్వుతూ కుడుతున్నట్టు చేతులు ఆడించాడు.

ఉన్నట్టుండి మాస్టారు ముందుకి వంగి అతని రెండు మణికట్లూ పట్టుకున్నారు.

"పడవ వచ్చింది. లే."

పాణి లేవబోయాడు. చెయ్యి నేల మీదికి పోబోతే మాస్టారు ఆ చేతిని పైకెత్తారు. ఇంకో చెయ్యి ఆన్చబోయాడు. అదీ పైకి లేచిపోయింది. కాళ్ళు మడిచి, నడుం ఊపి ప్రయత్నించి, వెనక్కి వెల్లకిలా పడ్డాడు. నవ్వులు మిన్నంటాయి. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

"లేరా. పడవ వచ్చిందంటే కూర్చుంటావేంటి? కొడుకు దిగుతున్నాడు."

మళ్ళీ లేవబోయాడు. ఈసారి పక్కకి ఒరిగి, మోచెయ్యి ఆన్చబోయాడు. ముసలాయన పట్టు వదల్లేదు. పాణి పక్కకి కూలబడ్డాడు.

"మాస్టారూ, చేతులు వదలండి!"

"ఎందుకు?"

"చెయ్యి ఆనకపోతే ఎలా లేస్తానండీ?"

ఆ మాట అనేశాక పాణి ఆగిపోయాడు. కుర్రాళ్ళ నవ్వు కూడా ఒక్కొక్కరిదే ఆగింది.

మాస్టారు అతని మొహంలోకి చూశారు.

"సాఫ్ట్‌వేర్ మార్చమంటావా?"

పాణి తల అడ్డంగా ఊపాడు.

"ఈ మాట నీతో ఇంతకుముందు ఎవరైనా అన్నారా?"

"అన్నారండి."

"ఎవరు?"

పేరు నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు.

మాస్టారు మణికట్లు వదిలేసి, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయారు. చేతులు వదిలేసినా పాణి చాలాసేపు లేవలేదు.

తర్వాత వెళ్ళి రిగ్గు విప్పాడు. చేతికి కావలసిన మీట పెట్టాడు. అదే కంప్యూటర్, అదే సాఫ్ట్‌వేర్. భోజనాల వేళకి అయిపోయింది. మామ్మ అరచెయ్యి ఇసుక మీద పెట్టి నడుము లేపితే, చెయ్యి పెట్టిన చోటే ఉంది.

గన్నిబాబు గారి గదిలోకి వెళ్ళి తలుపు వేసి చెప్పాడు.

"తప్పు నాదండి. ఎస్తేరు అడిగినది పెట్టి ఉంటే ఎప్పుడో లేపేది."

గన్నిబాబు గారు విని, తలుపు వైపు చూపించారు.

"ఆ పిల్లని అన్నప్పుడు హాలంతా వినేలా అన్నావు. ఇప్పుడు తలుపేసుకుని చెబుతున్నావేమయ్యా?"

పాణి తలుపు తీసుకుని హాలు మధ్యకి వచ్చాడు. అదే మాట మళ్ళీ చెప్పాడు. వెనక వరసలో వాళ్ళు "వినబళ్ళేదు" అన్నారు. ఇంకోసారి చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"వెళ్ళి తీసుకురా" అన్నారు గన్నిబాబు గారు.

ఎస్తేరు వాళ్ళ ఇల్లు జగన్నాథపురంలో. పాణి వెళ్ళేసరికి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. అతన్ని చూసి చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"చెయ్యి పెట్టారా అండీ?" అని అడిగింది ముందు.

"పెట్టాను. నువ్వు చెప్పినట్టే."

"ఆగుతోందా?"

"ఆగుతోంది."

ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత లోపలికి చూసింది. లోపలి నుంచి వాళ్ళ నాన్న దైవకృపం వచ్చాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. పాణి చెప్పాల్సిందంతా ఆయనకి చెప్పాడు. ఆయన చివరిదాకా విన్నాడు.

"బాబూ, ఈ పని వద్దని నేను మొదట్లోనే అన్నాను" అన్నాడు. "నాకు బొమ్మలు బాగా వచ్చు నాన్నా అని ఏడ్చి ఒప్పించింది. మొన్న వచ్చి, నాకు రాదంట నాన్నా అంది. నేను నమ్మాను. మీరు చదువుకున్నవాళ్ళు కదా అని నమ్మాను."

"నేను అన్నది అబద్ధమండి."

"ఇవాళ అలా అంటున్నారు. రేపు ఇంకో ముసలమ్మ లేవకపోతే ఏమంటారు?"

పాణి గుమ్మంలో ఉన్న చేట వైపు చూశాడు.

"రాజమండ్రిలో మా తమ్ముడి బట్టల కొట్టుంది. పంపిస్తానని నిన్ననే మాటిచ్చేశాను. ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండి. అమ్మా ఎస్తేరూ, బాబుకి మజ్జిగ తీసుకురా."

ఎస్తేరు తెచ్చి ఇచ్చింది. పాణి తాగాడు. గ్లాసు తిరిగి ఇస్తూ ఆమె మొహం వైపు చూడలేకపోయాడు.

సులేమాన్ మాస్టారు మర్నాడు చాప మీద కూర్చుని ఉండగా పాణి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన ఏమైందని అడగలేదు. కొంచెం పక్కకి జరిగారు. పాణి కూర్చున్నాడు.

మామ్మ లేచే షాటు వేరే అమ్మాయి చేసింది. సినిమా వానాకాలంలో టీవీలో వచ్చింది. చివర్లో వేసిన పేర్లలో ఎస్తేరు పేరు లేదు. ఆమె రాజమండ్రి బట్టల కొట్లో చేరింది. బొమ్మల పనికి మళ్ళీ రాలేదు.