ముప్పాతిక నిండిన టాంకు

కంచుమర్తి అన్నదమ్ములు ముగ్గురికీ తమ తెలివంటే మహా గర్వం. "ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. అదీ తెలివంటే!" అనేవాడు పెద్దవాడు పట్టాభి. ఆయన కన్ను మండల అధ్యక్ష పదవి మీద ఉంది.

మర్నాడు పదింటికి పార్టీ నాయకుడు ఊరికి వస్తున్నాడు. ప్రజల మనిషి కదా, ప్రజల మధ్యకి ఏసీ బండిలో తప్ప రాడు. ఆయన ఊరేగడానికి అన్నదమ్ములు సినిమావాళ్ళ పాత క్యారవాన్ ఒకటి కొన్నారు. లోపల మంచం, సోఫా, మరుగుదొడ్డి. దొడ్డి కింద టాంకు. టాంకులోంచి కంపు! నాయకుడు ముక్కు మూసుకున్నాడంటే పదవి పోయినట్టే.

మెకానిక్ జిలానీకి ఫోన్ చేశారు. "కాస్త చేరగానే వదిలేస్తే నీళ్ళు పోయి గట్టిది అడుగున అంటుకుంటుందండీ. అదే కంపు. ముప్పాతిక నిండాకే వదలండి" అన్నాడతను.

రెండోవాడు సత్యానందం మీటరు చూశాడు. "పావే ఉందన్నయ్యా!"

"అయితే నింపుదాం."

నాలుగు బిందెల నీళ్ళు పోస్తే సరిపోయేది. వీళ్ళు ఊరందరినీ విందుకి పిలిచారు. చిన్నవాడు బుల్లియ్య బండి గుమ్మంలో నిలబడి, "మొహమాటపడకండి బాబాయ్, అక్కడ తినండి, ఇక్కడ కూర్చోండి!" అని బతిమాలాడు. ఇంకేముంది! సాయంత్రానికి టాంకు ముప్పాతిక నిండింది. కంపు మూడింతలైంది.

"ఇప్పుడు ఊరి బయట ఖాళీ చెయ్యండి" అన్నాడు జిలానీ ఫోన్లో.

అంతే, బండిని తిన్నగా పేటలోకి తోలి, మార్తమ్మ వాకిట్లో ఆపారు.

"ఇదేంటి బాబూ, మా గుమ్మంలోనా?"

"ఊరి బయటే అన్నాడమ్మా. ఊరి బయట ఉన్నది మీరేగా!"

"ఓట్లప్పుడు మేం ఊళ్ళోవాళ్ళమే కదయ్యా! తియ్యి బండి!" అని మార్తమ్మ చీపురు తిరగేసింది.

పేటని ఊరి బయట పెట్టినవాళ్ళని మాత్రం తెలివితక్కువ వాళ్ళని ఎవరూ అనరు. అన్నదమ్ములు నిండు టాంకుతో ఇంటికొచ్చారు.

పొద్దున్నే మళ్ళీ ఫోన్. జిలానీ విసుక్కున్నాడు. "కప్పు మీద గొట్టం ఉంటుంది. లోపలి కంపంతా దాంట్లోంచే పోవాలండీ!"

"దాంట్లోంచే అన్నాడు. ఇంకో దారి ఉండకూడదు" అన్నాడు పట్టాభి. పదింటికి నాయకుడు వచ్చి చేతులూపుతూ బండెక్కాడు. అంతే, తలుపు బిగించారు, కిటికీలకి టేపు వేశారు, సందుల్లో గుడ్డలు కుక్కారు. బయట జనం జేజేలు కొడుతున్నారు. లోపల నాయకుడు తలుపు బాదుతున్నాడు.

"అన్నయ్యా, జేజేలకి ఆయన కూడా తాళం వేస్తున్నారు!" అని బుల్లియ్య మురిసిపోయాడు.

చివరికి తలుపు తీస్తే నాయకుడు బయటికి దొర్లాడు. "గాలి... గాలి..."

"గాలి కావాలిటరా అయ్యగారికి!"

"బండిలో గాలంతా గొట్టంలోంచే పోతోందిగా అన్నయ్యా!"

ఇంకేముంది! ముగ్గురూ నాయకుణ్ణి కప్పు మీదికి ఎక్కించి, బోర్లా పడుకోబెట్టి, ముక్కు సరిగ్గా గొట్టంలో పెట్టి తల అదిమి పట్టుకున్నారు.

"పీల్చండయ్యా, బాగా పీల్చండి!"

ఆయన రెండుసార్లు పీల్చి, కాళ్ళు బారజాపి, కదలడం మానేశాడు.

"ష్, జేజేలు ఆపండి! హాయిగా నిద్ర పట్టింది" అన్నాడు పట్టాభి, కళ్ళు తుడుచుకుంటూ. "పదవి మనదేరా!"